వీపున పెట్రోలు మోసే బండ్లు

ఆఫ్‌రోడ్ బండి కొన్నాక మొట్టమొదట చేయించుకోవాల్సింది అదనపు ఇంధనానికి ఏర్పాటు. హైదరాబాద్‌లో పుప్పాలగూడ నుంచి కోకాపేట దాకా ఎవర్ని కదిపినా ఇప్పుడు ఇదే మాట. థార్ ఇంటికొచ్చిన వారం తిరక్కముందే వెనక స్టెప్నీ పక్కన జెర్రీ క్యాన్ వేలాడుతుంది. జిమ్నీ అయితే నెత్తిన క్యారియర్, దాని మీద జంట క్యాన్లు. ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్లు ఫ్యాబ్రికేషన్ షాపుకెళ్లి చాసిస్ కింద రేకు ట్యాంకు కట్టించుకుంటారు. ఎందుకన్నా ఇదంతా అని అడిగితే జవాబు సిద్ధం: ‘ఉంటే మంచిదే కదా, ఎక్కడ ఆగిపోతామో ఎవరికి తెలుసు?’

ఉంటే మంచిది కాదు. దీన్ని జాగ్రత్త అనుకుంటున్నవాళ్లలో తెలివైనవాళ్లు, రోజంతా కంప్యూటర్ల ముందు లెక్కలు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ లెక్క మాత్రం ఒక్కరూ కట్టినట్టు కనబడదు. కడితే తేలేది ఇది: మన రోడ్ల మీద అదనపు ఇంధనం ఆఫ్‌రోడ్ బండికి బలం ఇవ్వదు, ఉన్న బలాన్ని తీసేస్తుంది. రాత్రి ఆ బండి సెల్లార్‌లో ఆగినప్పుడు, పైన నిద్రపోయేవాళ్లకు చెప్పకుండా వాళ్ల కింద పెట్రోలు నిల్వ చేస్తుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. థార్ ట్యాంకు 57 లీటర్లు, థార్ రాక్స్‌దీ అంతే. ఫార్చ్యూనర్‌ది 80. అన్నిటికంటే చిన్నది జిమ్నీది, 40 లీటర్లు. బండి బరువెక్కి, ఏసీ వేసుకుని, దారి బాగాలేక లీటరుకు పదే కిలోమీటర్లు వస్తాయని పిసినారిగా లెక్కేసినా థార్ 570, జిమ్నీ 400 కిలోమీటర్లు పోతాయి. పుప్పాలగూడ వాళ్లు వారాంతంలో వెళ్లేదెక్కడికి? ఎక్కువమంది వికారాబాద్ దగ్గర అనంతగిరికి. రానూపోనూ నూటయాభై కిలోమీటర్లు, పదిహేను లీటర్లు. శ్రీశైలం వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు దాకా దారి పొడవునా బంకులే. అక్కణ్ణుంచి నల్లమల లోపల దారి ఎనభై కిలోమీటర్లు కూడా ఉండదు. రోడ్డు దిగి అడవిలోకి తోలుదామా అంటే అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ దిగితే బండికి దొరికేది అటవీశాఖ కేసు. దేశం మొత్తం మీద దాదాపు లక్ష పెట్రోలు బంకులున్నాయి. మన ఆఫ్‌రోడ్ వీరుడు రోజూ ఆఫీసుకు పోయే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దారిలో బంకు లేని చోటు చూపించమంటే చూపించలేడు.

ఇక్కడ అనుభవజ్ఞులు ఒక మాట అంటారు, అది నిజం కూడా. ఫోర్ బై ఫోర్‌లో, లో-రేంజ్‌లో పెడితే మైలేజీ కుప్పకూలుతుంది. లీటరుకు నాలుగు కిలోమీటర్లే రావచ్చు. అయితే మైలేజీతో పాటు దూరమూ కుప్పకూలుతుంది కదా! గుట్టలెక్కి, వాగు దాటి, బురదలో ఇరుక్కుని, వించ్ వేసి లాక్కుని రోజంతా గడిపినా ముప్పై కిలోమీటర్లు కదలం. ఎనిమిది లీటర్ల పని. పొద్దున ట్యాంకు ఫుల్ చేయించుకున్నవాడికి సాయంత్రం సగానికి పైగా మిగిలే ఉంటుంది.

ఈమధ్య ఇంకో వాదం వచ్చింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, మైలేజీ పడిపోయింది, కాబట్టి క్యాన్ తప్పదట. మైలేజీ తగ్గుతుందన్నది ఒప్పుకోవాల్సిందే. ఎంత తగ్గుతుంది? నీతి ఆయోగ్ 2021లో వేసిన అంచనా ప్రకారం పాత తరహా కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ ఇంధనానికి సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం. ఆ అంచనా తక్కువే అనుకుని పది శాతం వేసుకున్నా జిమ్నీ 40 లీటర్లలో పోయేది నాలుగు లీటర్లు. నాలుగు లీటర్ల లోటుకు నలభై లీటర్లు నెత్తికెత్తుకునేవాణ్ణి జాగ్రత్తపరుడని ఎలా అంటాం? పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా క్యాన్‌లో కూర్చున్న పెట్రోలు ఆపద వేళ పోసుకునేసరికి ఇంజను దగ్గడం మొదలుపెడుతుంది.

‘బంకులే మూతబడితే?’ అనేవాళ్లున్నారు. వాళ్లు చూపించే ఉదాహరణ 2024 జనవరి 2. హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్ష పెంచిన కొత్త చట్టానికి నిరసనగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగితే హైదరాబాద్ బంకుల ముందు జనం కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టారు, చాలాచోట్ల ‘నో స్టాక్’ బోర్డులు వేలాడాయి. చంచల్‌గూడలో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డర్లు అందించిన వీడియో దేశమంతా చూసింది. ఆ గొడవ ఎంతసేపు నడిచిందో మాత్రం వీళ్లు చెప్పరు. అదే రాత్రి కేంద్రంతో చర్చలయ్యాయి, సమ్మె విరమించారు, సరఫరా కుదుటపడింది. పైగా ఆ రోజు బంకులు ఎండిపోవడానికి సమ్మె ఎంత కారణమో, అవసరం లేకున్నా ట్యాంకులూ డబ్బాలూ నింపుకున్నవాళ్ల భయమూ అంతే కారణం. డబ్బా మనస్తత్వం కొరతను తీర్చలేదు, తెచ్చిపెట్టింది.

సరే, అవసరం లేకపోయినా ఉంటే నష్టమేముంది అంటారా? నష్టం బరువుతో మొదలవుతుంది. ఇరవై లీటర్ల పెట్రోలు దాదాపు 15 కిలోలు. ఉక్కు క్యాన్‌తో కలిపి 19. రెండు క్యాన్లు 38. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1,200 కిలోలు, అన్నీ కలిపి మించకూడనిది 1,545. నలుగురు ఎక్కితే 280 కిలోలు అక్కడే పోయాయి. మిగిలిన అరవై డెబ్బై కిలోల్లో సామాను, నీళ్లు, తాళ్లు, జాకీ, టైర్లకు గాలి కొట్టే పంపు, వాటి మీద రెండు క్యాన్లు. ఇక పైకప్పు. జిమ్నీ నెత్తిన 30 కిలోలకు మించి పెట్టొద్దని సుజుకీయే చెబుతుంది. క్యారియర్ బరువే అందులో సగం తినేస్తుంది. మూడు తలుపుల థార్‌కు పైకప్పు ఫైబర్‌ది, కాదంటే గుడ్డది. దాని మీద ఏదైనా కట్టాలంటే బయట ఇనుప పంజరం కట్టించాలి, ఆ పంజరం బరువు అదనం.

ఎత్తున పెట్టిన ప్రతి కిలో బండి గురుత్వ కేంద్రాన్ని పైకి లాగుతుంది. ఆఫ్‌రోడ్ బండి పుట్టుకతోనే ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. పక్కవాటు గుట్ట మీద ఒరిగినప్పుడు అది నిలబడేదీ పల్టీ కొట్టేదీ తేలేది ఆ కేంద్రం ఎక్కడుందన్న దాన్ని బట్టే. ట్యాంకును కింద, చాసిస్ మధ్యలో పెట్టడానికి కంపెనీ ఇంజనీర్లు అంత కష్టపడింది అందుకే. లక్షలు పోసి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు వేయించుకుని, ఆపైన నెత్తిన పెట్రోలు పెట్టుకునే మిత్రులు తమ బండి వంపు తట్టుకునే కోణాన్ని డబ్బిచ్చి మరీ తగ్గించుకుంటున్నారు.

నెత్తి మీద కాదు, వెనక తగిలించాం అంటారు కొందరు. అది ఇంకా అన్యాయం. 1970లలో అమెరికాలో ఫోర్డ్ పింటో అనే చిన్న కారు అపఖ్యాతి పాలైంది. దాని ట్యాంకు వెనక యాక్సిల్‌కూ బంపర్‌కూ మధ్య ఉండేది. వెనకనుంచి బండి గుద్దితే ట్యాంకు చిట్లి మంటలు లేచేవి. 1978లో ఫోర్డ్ ఆ తరహా కార్లను పదిహేను లక్షలదాకా వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత కార్ల తయారీలో ట్యాంకు క్రమంగా వెనక యాక్సిల్ ముందుకు జరిగింది. ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠం అది. మనవాళ్లు వెనక తలుపుకు క్యాన్ తగిలించి, ఇంజనీర్లు ఎక్కణ్ణుంచి తీసేశారో సరిగ్గా అక్కడికే పెట్రోలును మళ్లీ తెచ్చిపెడుతున్నారు. ఈసారి మధ్యలో బంపర్ కూడా అడ్డం లేదు. ఆ బండ్లే నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాయి. అక్కడ మొదటి రెండు లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. వెనక వచ్చేవాడు ఫోన్ చూసుకుంటూ రాడని ఎవరు పూచీ పడతారు?

ఇప్పుడు ఈ మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టే దానికొద్దాం: షెడ్డులో కట్టించుకునే రేకు ట్యాంకు. ట్యాంకంటే మూత ఉన్న డబ్బా అని మెకానిక్ అనుకుంటే అనుకున్నాడు, బండి యజమాని అనుకోకూడదు. కంపెనీ ట్యాంకు లోపల అడ్డుగోడలుంటాయి. మలుపులో ఇంధనం ఒక్కసారిగా ఒక పక్కకు ఎగిసి బండిని తోసెయ్యకుండా అవి ఆపుతాయి. బండి పల్టీ కొడితే మూసుకునే వాల్వు ఉంటుంది. పెట్రోలు ఆవిరిని బయటికి వదలకుండా పట్టి, తిరిగి ఇంజనులోకే పంపే బొగ్గు డబ్బా ఉంటుంది. ఎండకు వ్యాకోచించే ఇంధనానికి పైన ఖాళీ చోటు వదిలిపెట్టి ఉంటుంది. ఇరవై లీటర్ల పెట్రోలు పాతిక డిగ్రీల నుంచి నలభై అయిదుకు వేడెక్కితే దాదాపు నాలుగు వందల మిల్లీలీటర్లు పెరుగుతుంది. మన మే నెలలో అంచుదాకా నింపిన ట్యాంకు ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. షెడ్డు ట్యాంకులో ఇవేవీ ఉండవు. రెండు రేకులు, నాలుగు అతుకులు, ఒక గొట్టం, దానికో పంపు, పంపుకు ఎక్కణ్ణుంచో లాగిన కరెంటు తీగ.

‘నాది డీజిల్ బండి, డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు’ అన్నది ఇంకో ధీమా. నిలవున్న డీజిల్ పెట్రోలంత తొందరగా అంటుకోదు, నిజమే. కానీ బీఎస్-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడల్లా మసిని కాల్చేసుకుంటుంది, ఆ సమయంలో లోపలి వేడి 600 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత వేడెక్కే గొట్టం పారేది చాసిస్ కిందే, వీళ్లు రేకు ట్యాంకు కట్టించేదీ చాసిస్ కిందే. రాయి తగిలి అతుకు విడిపోతే డీజిల్ కారేది ఎక్కడికో వేరే చెప్పాలా? మంట సంగతి అటుంచినా, మామూలు ఇనుప రేకు లోపల తేమ పట్టి తుప్పు రాలుతుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజనులో ఇంజెక్టర్లు 1,600 బార్లకు పైగా ఒత్తిడితో, వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా ఇంధనం చిమ్ముతాయి. తుప్పు నలుసు అక్కడికి చేరితే బండి ఆగుతుంది. ఎక్కడా ఆగిపోకూడదని కట్టించిన ట్యాంకే బండిని నడి అడవిలో ఆపేస్తుంది.

చట్టం ఏమంటుందని అడిగేవాళ్లు తక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్ పెట్టించుకునేవాడికి చట్టంలో దారి ఉంది: అనుమతి ఉన్న కిట్, ఆర్‌సీలో నమోదు, మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్ష. షెడ్డులో రేకు ట్యాంకు కట్టించుకున్నవాడు ఈ పరీక్షల్లో దేన్ని ఎదుర్కొన్నాడు? రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ ట్యాంకునే.

క్యాన్ అయితే పర్లేదు కదా, చట్టమే 30 లీటర్లు ఉంచుకోనిస్తుంది అని సెక్షన్లు చదివిన మిత్రులు అంటారు. 1934 నాటి పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా అంతవరకు ఉంచుకోనిచ్చే మాట నిజమే. ఆ తర్వాతి వాక్యం కూడా చదవాలి. బిగుతైన మూతతో, లోహపు పాత్రలో, ఒక్కోటి 25 లీటర్లకు మించకుండా ఉండాలి. గాజు సీసా అయితే లీటరు. ప్లాస్టిక్ మాటే అందులో లేదు. మంచినీళ్ల క్యాను అసలే లేదు. బండి యజమానికి ఇంకొంత వెసులుబాటు ఇస్తూనే, 30 లీటర్లు దాటితే మనుషులు ఉండే, పనిచేసే గదులతో సంబంధం లేని విడి చోట పెట్టాలంటుంది. పుప్పాలగూడ టవర్లలో సెల్లార్ అలాంటి చోటా? లిఫ్టు అక్కణ్ణుంచే పైకి పోతుంది, మెట్లూ అక్కణ్ణుంచే.

ఒక మాట విడమర్చి చెప్పాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచి చెదిరిపోదు, నేలబారున పాకి పల్లంలో గూడు కడుతుంది. సెల్లార్ అంటేనే పల్లం. గాలిలో ఒకటిన్నర శాతం ఆవిరి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఛార్జింగ్ పాయింట్లు, మోటార్లు, లిఫ్టు ప్యానెళ్లు అన్నీ కిందే ఉన్న చోట నిప్పురవ్వకు కొరతేముంది? 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే పైనున్నవాళ్లు తొమ్మిదిమంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి చివర మన పుప్పాలగూడ పాషా కాలనీలోనే, కింద కిరాణా దుకాణం ఉన్న ఇంట్లో మంట లేచి ముగ్గురు పోయారు, వాళ్లలో ఒక చిన్నపిల్ల. ఆ మంటలకు కారణాలు వేరు. కింద లేచిన మంట పైవాళ్లకు దారి లేకుండా చేసే తీరు మాత్రం వేరు కాదు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టే పొరుగువాడు మన వారాంతపు సరదాకు ఆ పూచీ ఎందుకు మోయాలి?

బంకువాడు క్యాన్‌లో పొయ్యనంటే ఇదే మిత్రులు వాడితో గొడవకు దిగుతారు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. అదే నెలలో దిశ ఘటన, హత్యకు గురైన యువ పశువైద్యురాలి మృతదేహాన్నీ పెట్రోలుతోనే కాల్చారు. విడిగా పెట్రోలు అమ్మొద్దని పోలీసులు బంకులకు గట్టిగా చెప్పింది ఆ తర్వాతే. బంకు కుర్రాడు వద్దనడంలో అర్థముంది.

మరి ఈ క్యాన్ మోజు ఎక్కణ్ణుంచి వచ్చింది? యుద్ధం నుంచి. ఇరవై లీటర్ల ఉక్కు క్యాన్ 1930లలో జర్మన్ సైన్యం కోసం తయారైంది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం పలుచని రేకు డబ్బాల్లో పెట్రోలు మోస్తూ దారిలోనే బోలెడంత కారబోసుకుని, చివరికి శత్రువు క్యాన్‌నే నకలు చేసింది. అమెరికన్ విల్లీస్ జీపు వెనక ఆ క్యాన్‌కు బిగింపు ఉండేది. 1940ల చివర నుంచి మహీంద్రా బొంబాయిలో బిగించినవి ఆ విల్లీస్ జీపులే. బండి వెనక డబ్బా ఉంటేనే అసలు జీపు అనిపించే చూపు మనకు అక్కణ్ణుంచి అబ్బింది. ఆ యుద్ధపు జీపు ట్యాంకు 15 అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 57 లీటర్లు. నేటి థార్‌కు సరిగ్గా అంతే. సహారాలో బంకుల్లేవు కాబట్టి వాళ్లకు డబ్బా కావాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో క్యానింగ్ స్టాక్ రూట్ మీద 1,850 కిలోమీటర్లు ఎడారిలో పోయేవాడికీ పెద్ద ట్యాంకు కావాలి, అక్కడ దానికి పరీక్షించి అమ్మే కంపెనీలున్నాయి. వాళ్ల అవసరాన్ని మనం అలంకారంగా తెచ్చుకున్నాం.

మన దేశంలో అసలు ఎక్కడా అవసరం లేదా అంటే, ఉంది. లదాఖ్‌లో ఉంది. మనాలీ నుంచి లేహ్ పోయే దారిలో తాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన బోర్డు పేరుమోసింది. నలుగురితో, సామానుతో, ఎత్తులెక్కుతూ పోయే జిమ్నీకి 40 లీటర్లు అక్కడ బొటాబొటి. లేహ్ దాటి పాంగాంగ్, హాన్లే చుట్టి వచ్చేవాడికి బంకులు ఇంకా అరుదు. అక్కడ ఒక ఉక్కు క్యాన్ పట్టుకెళ్లడం తెలివైన పనే. నాకు అర్థం కానిదల్లా, ఆ క్యాన్‌ను పుప్పాలగూడలోనే నింపి రెండున్నర వేల కిలోమీటర్లు మోసుకెళ్లడం. నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ, చండీగఢ్ దారి పొడవునా వందల బంకుల ముందునుంచి నిండు క్యాన్ ఊరేగుతుంది. అదనపు ఇంధనం కావాల్సింది చివరి బంకుకూ తర్వాతి బంకుకూ నడుమ దూరానికే. ఇంటికీ గమ్యానికీ నడుమ దూరానికి కాదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ట్యాంకులూ క్యారియర్లూ పంజరాలూ అన్నీ ఊడిపోతాయి.

కాబట్టి లదాఖ్ వెళ్లే మిత్రులారా, ఇంటి నుంచి ఖాళీ క్యాన్ తీసుకెళ్లండి. తాండీలో బంకువాళ్లను అడిగి, క్యాన్‌ను నేల మీద పెట్టించి, పైన కాస్త చోటు వదిలి నింపించుకోండి. బండి ట్యాంకులో చోటు దొరకగానే ఇంజను చల్లారాక అందులో పోసెయ్యండి. వికారాబాద్, శ్రీశైలం, అరకు వెళ్లేవాళ్లకు అదీ అక్కర్లేదు. షెడ్డులో ట్యాంకు కట్టించుకున్నవాళ్లు దాన్ని ఊడదీయించి పైపులను కంపెనీ సర్వీసు సెంటర్‌లో సరిచేయించుకోండి. సెల్లార్‌లో నింపిన క్యాన్లు పెట్టుకున్నవాళ్లు ఈ ఆదివారమే వాటిని బయటికి, ఆరుబయటికి తెచ్చి బండి ట్యాంకులో పోసుకోండి. అపార్టుమెంటు అసోసియేషన్లు సెల్లార్‌లో విడి పెట్రోలు ఉండకూడదని వచ్చే సమావేశంలోనే తీర్మానం చేసి నోటీసు బోర్డు మీద అంటించాలి.